పెరుగు, పండు, ఫ్రీజర్: ఇంట్లో పెడితే రాయిలా ఎందుకవుతుంది?

పండిన బంగినపల్లి కాయలు రెండు కోసి, గిన్నెడు పెరుగులో వేసి, నాలుగు చెంచాల పంచదారతో మిక్సీ పట్టి, స్టీలు డబ్బాలో పోసి రాత్రి డీప్ ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి దొరికేది ఒక రాయి. చెంచా దిగదు. చాకు మొనతో పొడిస్తే పెచ్చులు లేస్తాయి, ఆ పెచ్చు నోట్లో వేసుకుంటే ముందు పళ్లు జివ్వుమంటాయి, తర్వాత నీళ్ల ఐసు కరిగినట్టు కరుగుతుంది, మామిడి రుచి ఎక్కడో చివర్లో లీలగా తగులుతుంది. రాత్రి మిక్సీ జార్‌లో వేలు పెట్టి నాకినప్పుడు అంత కమ్మగా ఉన్నది ఇలా ఎలా మారిందా అని దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకసారి అనుకునే ఉంటారు. చాలామంది ఆ ఒక్కసారితోనే వదిలేస్తారు, ఇది మెషీన్ ఉంటే తప్ప కుదరని పని అని తేల్చేసుకుంటారు. కుదురుతుంది. కాకపోతే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవాలి.

తప్పు పెరుగూ పండూ కలపడంలో లేదు. ఆ జంట మనకి కొత్తదేం కాదు. వేసవి రాత్రి భోజనం చివర్లో పెరుగన్నంలోకి మామిడి ముక్క నంజుకునే అలవాటు ఎన్ని ఇళ్లలో లేదు? దద్దోజనంలో దానిమ్మ గింజలు, ద్రాక్షపళ్లు వేస్తూనే ఉంటాం. పులుపు, తీపి, మీగడ కమ్మదనం ఒకదానికొకటి బాగా నప్పుతాయి. చల్లబరిచేటప్పుడు కథ చెడగొట్టేది నీళ్లు. ఆవు పాలలో నూటికి సుమారు 87 వంతులు నీళ్లే, గేదె పాలలో 82, 83 వంతులు. పెరుగంటే ఆ పాలే తోడుకున్నాయి కాబట్టి అందులోనూ అన్ని నీళ్లూ ఉన్నాయి, కంటికి కనపడవంతే. మామిడి గుజ్జులో 80 వంతులకి పైగా, పుచ్చకాయలో 90కి పైగా. ఇవన్నీ కలిపి ఫ్రీజర్‌లో పెడుతున్నామంటే, పెరుగు రంగూ మామిడి వాసనా ఉన్న నీళ్లని పెడుతున్నట్టే లెక్క.

నీరు నెమ్మదిగా గడ్డకడితే దాని స్ఫటికాలు పెద్దవవుతాయి. పగలగొట్టిన ఆ మామిడి రాయిని వెలుతురులో పట్టుకుని అంచు చూడండి, డబ్బా గోడ వైపు నుంచి లోపలికి సూదుల్లా బారులు తీరి ఉంటాయి, నడుమ భాగంలో రంగు కాస్త ముదురుగా, అంచుల్లో తెల్లగా పాలిపోయి ఉంటుంది. ముందు గడ్డకట్టేది శుభ్రమైన నీరు. చక్కెర, పండు రసం, పెరుగులోని ఘనపదార్థం అన్నీ లోపలికి నెట్టుకుపోతాయి. అందుకే పైన చప్పగా, మధ్యలో తియ్యగా ఉంటుంది. స్ఫటికం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటిందంటే చాలు, నాలుకకి గరుకుగా తగులుతుంది. కొన్న ఐస్‌క్రీమ్‌లో ఈ గొడవ ఉండకపోవడానికి కారణం అది గడ్డకడుతున్నంతసేపూ తిప్పుతూనే ఉండటం. తిప్పడంతో స్ఫటికాలు పెరగకుండా విరిగిపోతాయి, గాలి కూడా కలుస్తుంది. కొన్ని రకాల ఐస్‌క్రీముల్లో సగానికి సగం గాలే.

ఇంట్లో అలా తిప్పే యంత్రం లేదు. మరి మన చేతిలో ఏమున్నాయంటే మూడు ఉన్నాయి. నీళ్లు తగ్గించడం, మిగిలిన నీళ్లు పూర్తిగా బిగుసుకోకుండా తీపితో కట్టిపడేయడం, పలచగా చిన్నగా పెట్టి త్వరగా గడ్డకట్టించడం. ఇంటర్నెట్‌లో కనిపించే వందల రెసిపీలు ఏం కలపాలో బాగానే చెప్తాయి, కానీ ఈ మూడింటి గురించి పెద్దగా చెప్పవు. అందుకే ఫొటోలో ఉన్నట్టు ఇంట్లో రాదు.

అన్నిటికన్నా ముందు పెరుగు. దీని మీద పెట్టిన శ్రద్ధ ఇంకెక్కడ పెట్టినా అంత ఫలితం ఇవ్వదు, ఆ మాట మాత్రం ఖాయం. పాలు ఒక పొంగు రాగానే దించేయకుండా సన్న సెగ మీద పది, పదిహేను నిమిషాలు మరగనివ్వాలి. కొంత నీరు ఆవిరవుతుంది, అంతకన్నా ముఖ్యంగా పాలలోని కొన్ని ప్రొటీన్లు ఆ వేడికి విచ్చుకుని, తోడుకున్నాక నీటిని పట్టుకుని ఉంచుతాయి. మన అమ్మమ్మలు గట్టి పెరుగు కోసం పాలు బాగా కాచాలనేది ఇందుకే. గేదె పాలైతే మరీ మంచిది, కొవ్వు ఎక్కువ, నీరు తక్కువ. తోడు కొంచెమే వేసి, తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మన ఎండలకి నాలుగైదు గంటల్లోనే తోడుకుంటుంది, ఆ తర్వాత బయట ఉన్న ప్రతి గంటా పులుపు పెరుగుతూనే పోతుంది. పుల్లటి పెరుగుతో చేస్తే ఆ పులుపు కప్పిపుచ్చడానికి రెట్టింపు పంచదార పోయాలి, అప్పుడు అది పెరుగు తిండి అనిపించుకోదు.

తోడుకున్న పెరుగుని గుడ్డలో కట్టి వేలాడదీయడం అసలు పని. మరాఠీ వాళ్లూ గుజరాతీ వాళ్లూ శ్రీఖండ్ కోసం చేసేది ఇదే, షాపులో గ్రీక్ యోగర్ట్ అని డబ్బాలో అమ్మే దాంట్లోనూ కీలకం ఇలా వడకట్టడమే. పాత మెత్తటి నూలు గుడ్డ, పంచె ముక్క అయినా సరే, ఉతికి వేడినీళ్లలో ముంచి పిండినది ఒక జల్లెడ మీద పరిచి, కింద లోతైన గిన్నె పెట్టి, కిలో పెరుగు అందులో వేసి నాలుగు కొసలూ ముడేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కుళాయికి వేలాడదీస్తే త్వరగా దిగుతుంది గానీ ఎండాకాలంలో బయట ఉన్న ఆ కాసేపట్లోనే పులిసిపోతుంది. మొదటి పావుగంట చుక్కలు గబగబా పడతాయి, తర్వాత ఒక్కో చుక్కకీ మధ్య సమయం పెరుగుతుంది, గిన్నెలో లేత పసుపుపచ్చ రంగులో తేట నిలుస్తుంది. ఐదారు గంటలకి గుడ్డ విప్పితే కిలో కాస్తా సుమారు అరకిలో అవుతుంది, వేలితో గీస్తే గీత అలాగే నిలబడుతుంది. పిండేయకూడదు, పిండితే గుడ్డలోంచి పెరుగు కూడా వచ్చేస్తుంది. ఆ అరలీటరు తేట పారబోయకండి, చపాతీ పిండి కలపడానికీ, చారులోకీ చక్కగా పనికొస్తుంది.

ప్యాకెట్ పెరుగుతోనూ ఇదంతా చేయొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఈ బాధ అసలు లేదు, వడకట్టిన పెరుగు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. అక్కడ సమస్య పండు దగ్గర వస్తుంది. మన మామిడిపళ్లని 2007 నుంచి మళ్లీ అక్కడికి రానిస్తున్నారు గానీ ధర చూస్తే ఫ్రీజర్‌లో పెట్టబుద్ధి కాదు, అందుకని ఎక్కువమంది డబ్బా గుజ్జు మీద ఆధారపడతారు. చిత్తూరు వైపు తోతాపురి కాయలతో గుజ్జు తీసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, విదేశాలకి వెళ్లే గుజ్జులో మంచి భాగం ఆ కాయదే. డబ్బా మీద స్వీటెన్డ్ అని ఉంటే పంచదార అప్పటికే కలిపారని అర్థం, ఆ సంగతి చూడకుండా రెసిపీలో చెప్పిన పంచదార కూడా పోస్తే మిఠాయి తిన్నట్టు ఉంటుంది.

పండు విషయంలో ఏది పడితే అది పనికిరాదు. రసాలు రుచికి రాజాలే, కానీ పీచు ఉంటుంది, జల్లెడ పట్టి తీసిన రసం మరీ జారుగా ఉంటుంది. దాన్ని మందపాటి గిన్నెలో సన్న సెగ మీద కలుపుతూ మూడో వంతు ఇగిరేదాకా ఉంచి చల్లార్చి వాడితే మాత్రం బంగినపల్లి కూడా ఇవ్వలేని వాసన వస్తుంది. బంగినపల్లికి పీచు లేదు, గుజ్జు చిక్కగా ఉంటుంది, నేరుగా వాడుకోవచ్చు. సపోటా, అరటి రెండూ ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి, వాటిలో నీరు తక్కువ, మెత్తదనం ఎక్కువ. నేరేడు గుజ్జు పెరుగులో కలిపితే వచ్చే ఊదా రంగుకి పిల్లలు ముందే పడిపోతారు, దాని వగరు పెరుగు మీగడలో తగ్గిపోతుంది. పుచ్చకాయ, కర్బూజా పెరుగులో కలపకపోవడమే మంచిది, అవి ఉత్త నీళ్లు, పుల్ల ఐసుగా విడిగా పెట్టుకోవాలి.

సీతాఫలం దగ్గర రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, దాని గుజ్జుని పొయ్యి మీద పెట్టకూడదు, వేడి తగిలితే చేదెక్కుతుంది, ఎంత పంచదార వేసినా ఆ చేదు పోదు. రెండోది ఇంకా ముఖ్యం. గింజలతో సహా మిక్సీలో వేయకూడదు, ఆ గింజలు నలిగితే విషం, పల్లెల్లో వాటి పొడిని పేల మందుగా వాడేవాళ్లంటేనే అర్థం చేసుకోవచ్చు. గుజ్జుని జల్లెడ మీద వేసి గరిటె వెనక భాగంతో రుద్దుతూ గింజలు తీసేయాలి, ఓపిక కావాలి, అరగంట పడుతుంది. ఫలితం మాత్రం ఆ శ్రమకి తగ్గట్టే ఉంటుంది. అక్టోబర్‌లో బాలానగర్ సీతాఫలాలు హైదరాబాద్ రోడ్ల మీదకి బుట్టల్లో వచ్చినప్పుడు ఒక్కసారి చేసి చూడండి.

అనాస సంగతి చాలామందికి తెలియక దెబ్బతింటారు. ఉడికించని అనాస ముక్కలు పెరుగులో కలిపిన అరగంటకి పెరుగు పలచబడి, చేదు తిరుగుతుంది. పెరుగు పాడైందనుకుని దుకాణం వాడిని తిట్టుకుంటారు, పాపం వాడి తప్పేం లేదు. అనాసలో ప్రొటీన్‌ని ముక్కలు చేసే ఎంజైమ్ ఉంది, దాని పేరు బ్రొమెలైన్. అది పెరుగులోని ప్రొటీన్‌ని కోసేస్తుంది, ఆ కోసిన ముక్కల రుచే చేదు. ఫ్రీజర్‌లో పెడితే ఎంజైమ్ చావదు, నెమ్మదిస్తుందంతే. ముక్కల్ని కొంచెం పంచదారతో ఐదు నిమిషాలు ఉడికిస్తే దాని పని అయిపోతుంది, ఆ తర్వాత నిశ్చింతగా కలుపుకోవచ్చు. కివి, బొప్పాయిల్లోనూ ఇలాంటి ఎంజైములే ఉన్నాయి, బొప్పాయి బాగా పండితే వాటి జోరు తగ్గుతుంది.

ముక్కలు ముక్కలుగా పండు వేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. పెరుగు మెత్తగా వచ్చినా అందులో వేసిన పండు ముక్క గులకరాయిలా పంటికి తగులుతుంది, ఎందుకంటే ముక్కలో నీరు అలాగే ఉంది. ముక్కల్ని చిన్నగా తరిగి, రెండు చెంచాల పంచదార చల్లి గంటసేపు ఉంచితే నీరు బయటికొస్తుంది, చక్కెర లోపలికి పోతుంది. ఆ ఊరిన పాకాన్ని వంపేసి ముక్కలు మాత్రం వాడాలి. వంపిన పాకంలో నిమ్మకాయ పిండితే అప్పటికప్పుడు షర్బత్.

ఇక పంచదార. ఇక్కడే ఇప్పుడు పెద్ద వాదన. ఆరోగ్యం కోసం చేసుకుంటున్నాం కదా, పంచదార వేయకుండా చేస్తే ఏమవుతుంది అంటారు. రాయి అవుతుంది. ఇందులో పంచదార చేసేది తీపి ఒక్కటే కాదు, అది నీటిని గడ్డకట్టనివ్వదు. లీటరు నీటిలో 342 గ్రాముల పంచదార కరిగిస్తే ఆ నీరు సున్నా దగ్గర గడ్డకట్టడం మానేసి మైనస్ 1.9 డిగ్రీల దగ్గర మొదలుపెడుతుంది. చూడటానికి చిన్న తేడానే, కానీ కొంత నీరు ఐసైపోగానే మిగిలిన నీటిలో చక్కెర చిక్కబడుతుంది, ఆ మిగిలింది ఇంకా కిందకి దిగితే గానీ గడ్డకట్టదు, అది గట్టిపడ్డాక మిగిలింది ఇంకా చిక్కన. ఇలా చివరిదాకా కొంత పాకం ద్రవంగానే ఉండిపోయి ఐసు స్ఫటికాల మధ్య జారుడుగా నిలుస్తుంది, చెంచా దిగేది ఆ జారుడు వల్లే. తేనె ఈ పని ఇంకా బాగా చేస్తుంది. అందులో ఎక్కువ భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్, వాటి అణువులు పంచదార అణువులో సగం బరువే, కాబట్టి అదే తూకానికి దాదాపు రెట్టింపు అణువులు పడతాయి. పంచదారలో నాలుగో వంతు తీసేసి తేనె వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఏడాది నిండని పిల్లలకి మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు, వాళ్ల పేగుల్లో ప్రమాదకరమైన బాక్టీరియా మొలకెత్తే అవకాశం ఉంది.

కొలత చెప్పుకోవాలంటే, వడకట్టిన పెరుగు అరకిలో, చిక్కటి మామిడి గుజ్జు 400 గ్రాములు, పంచదార 80 గ్రాములు, చిటికెడు ఉప్పు. పండులో ఉన్న చక్కెరతో కలిపితే మొత్తంలో నూటికి 14, 15 వంతుల తీపి అవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టకముందు రుచి చూస్తే కొంచెం ఎక్కువ తియ్యగా ఉండాలి, బాగా చల్లబడ్డ పదార్థంలో తీపి మన నాలుకకి తక్కువగా తెలుస్తుంది. బెల్లం వేస్తే వాసన బాగుంటుంది గానీ పాకం పట్టి వడకట్టాలి కదా, ఆ పాకంతో మళ్లీ నీరు వచ్చి చేరుతుంది, బాగా చిక్కగా పట్టి పూర్తిగా చల్లారాక కలపాలి. షుగర్ ఉన్నవాళ్ల ఇంట్లో దీన్ని ఆరోగ్యకరమైన తిండి అని పిలవడం సరికాదు. బయట కొన్న ఐస్‌క్రీమ్ కన్నా ఇందులో ఏముందో మనకి తెలుసు, అదొక్కటే లాభం, చక్కెర చక్కెరే. వాళ్లకి చిన్న చిన్న ముక్కలుగా చేసి ఒకటో రెండో పెట్టడం మేలు.

చిన్న ముక్కలంటే గుర్తొచ్చింది, ఇంటి ఫ్రీజర్‌కి అసలు నప్పే పద్ధతి అదే. నీటిని 80 డిగ్రీల నుంచి సున్నా దాకా చల్లార్చడానికి ఎంత వేడి లాగాలో, సున్నా దగ్గరున్న నీటిని సున్నా దగ్గరే ఐసు చేయడానికి మళ్లీ ఇంచుమించు అంత వేడి లాగాలి. లీటరు డబ్బాలో నడిమధ్యన ఉన్న మిశ్రమం నుంచి అంత వేడి బయటికి రావడానికి ఆరేడు గంటలు పట్టొచ్చు, అంతసేపూ స్ఫటికాలు తీరుబడిగా పెరుగుతాయి. మందం సగానికి తగ్గిస్తే పట్టే సమయం సగం కన్నా బాగా తక్కువకి పడిపోతుంది. అందుకని వడియాలు పెట్టడం గుర్తు తెచ్చుకోండి. పళ్లెం మీద బటర్ పేపర్ పరిచి, చిక్కటి పెరుగు మిశ్రమాన్ని పాల ప్యాకెట్ కవర్‌లో నింపి మూల కత్తిరించి, రూపాయి బిళ్లంత చుక్కలుగా వరసగా పెట్టుకుంటూ పోవాలి. పళ్లెం ముందే ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరిచి ఉంటే చుక్క జారకుండా అక్కడే నిలుస్తుంది. మంచి ఫ్రీజర్‌లో గంటలోపే బిగుసుకుంటాయి. పేపర్ వెనక నుంచి వేలితో తోస్తే టప్ మని ఊడొస్తాయి, వాటిని డబ్బాలో వేసి మూత పెట్టుకుంటే వారం పాటు సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన పిల్లలకి నాలుగేసి.

అదే మిశ్రమాన్ని పళ్లెం నిండా అరసెంటీమీటరు మందాన పరిచి, పైన దానిమ్మ గింజలు, పిస్తా పలుకులు, మామిడి ముక్కలు చల్లి గడ్డకట్టాక చిక్కీ విరిచినట్టు విరవొచ్చు. ఇంగ్లిషులో దీన్ని బార్క్ అంటారు, మనం పెరుగు పలకలు అనుకుందాం. రంధ్రాల్లేని స్టీలు ఇడ్లీ రేకులు కూడా బ్రహ్మాండమైన అచ్చులు, గుంటలో చెంచాన్నర మిశ్రమం వేసి నడుమ ఐస్ పుల్ల గుచ్చితే సరి. స్టీలు ప్లాస్టిక్ కన్నా వేడిని త్వరగా బయటికి పంపుతుంది. అల్యూమినియం పాత్రలు మాత్రం వద్దు, పెరుగు పులుపుకి లోహం రుచి దిగుతుంది. ఊడి రాకపోతే అచ్చు అడుగుని ఒక్క క్షణం మామూలు నీళ్లలో ముంచితే చాలు.

వేరే దారి కూడా ఉంది, కలిపి గడ్డకట్టించే బదులు గడ్డకట్టినదాన్ని కలపడం. అరటిపండు చక్రాలు, మామిడి ముక్కలు, సపోటా ముక్కలు ఏవైనా పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గట్టిపడ్డాక కవర్‌లోకి మార్చుకోవాలి, నేరుగా కవర్‌లో పోస్తే అన్నీ కలిసి ఒక బండ అవుతాయి. తినాలనిపించిన రోజు ఆ ముక్కలు రెండు కప్పులు, చల్లటి వడకట్టిన పెరుగు అర కప్పు, ఒక చెంచా తేనె మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పితే, ముందు ఇసుకలా పొడిపొడిగా అవుతుంది, పాడైందేమో అనిపిస్తుంది, గరిటెతో కిందకి నెట్టి మళ్లీ రెండుసార్లు తిప్పగానే ఒక్కసారిగా మీగడలా ముద్దకడుతుంది. మిక్సీ బ్లేడు ఇక్కడ ఐస్‌క్రీమ్ మెషీన్ పని చేసింది, స్ఫటికాల్ని నలగ్గొట్టి కాస్త గాలి కలిపింది. అరటిలో ఉండే పెక్టిన్ అనే జిగురు, పిండి ఈ ముద్దని పట్టి ఉంచుతాయి, అందుకే ఏ పండుతో చేసినా ఒక అరటిపండు జత చేస్తే పని సులువు. చక్కెరకేళి దీనికి చాలా బాగుంటుంది, తొక్క మీద మచ్చలు పడేంత పండాలి. మన మిక్సీలు పచ్చళ్లకీ పిండికీ చేసినవి, కాబట్టి కొంచెం కొంచెమే వేయాలి, వరసగా తిప్పితే మోటార్ వేడెక్కి జార్‌లోదంతా కరుగుతుంది. ఇది అప్పటికప్పుడు తినేయాల్సిందే, మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే మళ్లీ రాయే.

ఫ్రీజర్ గురించి ఒక మాట. అన్ని ఫ్రీజర్లూ ఒకటి కావు. రెండు తలుపుల ఫ్రిజ్‌లో పై గది మైనస్ 18 దాకా వెళ్తుంది, ఒక్క తలుపు ఫ్రిజ్‌లో లోపలి చిన్న అర చాలావాటిలో అంత చల్లగా ఉండదు, మే నెలలో ఇంట్లోవాళ్లు నీళ్ల సీసాల కోసం గంటకి పదిసార్లు తెరుస్తుంటే మరీను. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో మంచు పేరుకోకుండా మధ్యమధ్యలో లోపలి హీటర్ పనిచేస్తుంది, ఆ కాస్త వెచ్చదనానికి చిన్న స్ఫటికాలు కరిగి పెద్దవాటికి అతుక్కుంటాయి. కాబట్టి ఎంత బాగా చేసినా పది రోజుల తర్వాత గరుకుదనం వస్తుంది, తలుపు వైపు కాకుండా లోపలి గోడకి ఆనించి పెడితే ఇంకొన్ని రోజులు నిలుస్తుంది. మూత బిగుతుగా ఉండాలి, పెరుగులోని కొవ్వు పక్కనున్న చేపల వాసన, అల్లం వెల్లుల్లి ముద్ద వాసన ఇట్టే పట్టేస్తుంది.

ఫ్రీజర్ బలహీనమైతే ఉప్పుని నమ్ముకోవచ్చు. ఐసులో ఉప్పు కలిపితే ఐసు కరుగుతూ చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది, సరైన పాళ్లలో ఈ మిశ్రమం మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు, అంటే ఇంటి ఫ్రీజర్ కన్నా చల్లన. కరెంటు ఫ్రీజర్లు ఇంటింటికీ రాకముందు ఐస్‌క్రీమ్ చేసిందంతా ఇలాగే, చెక్క పీపాలో ఐసూ ఉప్పూ నింపి మధ్యలో డబ్బాని చేత్తో తిప్పుతూ. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లో పేరుపడ్డ పండ్ల ఐస్‌క్రీములు ఆ పద్ధతివే. కుండ కుల్ఫీ బండివాళ్లు ఇప్పటికీ చేస్తున్నదీ ఇదే. ఇంట్లో పెద్ద బేసిన్‌లో దంచిన ఐసు మూడు వంతులు, కల్లుప్పు ఒక వంతు వేసి, మధ్యలో మూత గట్టిగా ఉన్న స్టీలు క్యాన్‌లో పెరుగు మిశ్రమం పోసి పెట్టండి. ఐదు నిమిషాలకోసారి మూత తీసి గోడలకి అంటుకున్నదాన్ని గరిటెతో గీకి మధ్యలోకి కలపాలి. ముప్పావు గంటలో మెత్తటి ముద్ద తయారు. ఉప్పునీళ్లు లోపలికి చిందకుండా చూసుకోవాలి, బేసిన్‌లోని ఐసుని వట్టి చేత్తో ముట్టుకోకూడదు, చర్మం కమిలిపోతుంది. పిల్లల్ని కూర్చోబెట్టి చేయించడానికి ఇంతకన్నా మంచి సెలవు మధ్యాహ్నం పని ఉండదు, గరిటె తిప్పే వంతు కోసం కొట్టుకుంటారు.

చల్లదనం క్రిముల్ని చంపదు, ఈ అపోహ బాగా పాతుకుపోయింది. నిద్రపుచ్చుతుంది, అంతే. పండు కడగకుండా కోసినా, చేయి శుభ్రంగా లేకపోయినా అందులో చేరింది అలాగే ఉండి కరిగాక లేస్తుంది. బేసిన్‌లోకి బయట కొన్న ఐసు దిమ్మ వాడినా ఫర్వాలేదు గానీ అది తినేదానికి తగలకూడదు. పెరుగులోని మంచి బాక్టీరియాకీ ఇదే సూత్రం, కొంత చచ్చిపోయినా చాలావరకు బతికే ఉంటుంది. ఎప్పుడైనా కరెంటు పోయి రెండు మూడు గంటలు రాకపోవచ్చు. కొంచెం మెత్తబడి ఇంకా ఐసు పలుకులు ఉంటే మళ్లీ పెట్టొచ్చు, గరుకవుతుందంతే. పూర్తిగా కరిగి వెచ్చబడితే మళ్లీ గడ్డకట్టించి పిల్లలకి పెట్టకండి. గడ్డకట్టిన ద్రాక్షపళ్లు పెద్దవాళ్లకి హాయి గానీ ఐదేళ్ల లోపు పిల్లలకి గుండ్రంగా ఉన్నవి ఉన్నట్టు ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి, నిలువునా నాలుగు చీలికలు చేసి, కాస్త మెత్తబడ్డాకే పెట్టాలి.

తినే ముందు తొందరపడకూడదు. డబ్బాలో పెట్టినదైతే ఫ్రీజర్‌లోంచి తీసి కింది అరలో ఓ ఇరవై నిమిషాలు, అంత ఓపిక లేకపోతే వంటింటి గట్టు మీద ఐదు నిమిషాలు ఉంచాలి. అంచుల్లో సన్నగా చెమ్మ మెరుస్తుంది, చెంచా మొన పెట్టి బొటనవేలితో మెల్లగా అదిమితే గుచ్చుకుని దిగుతుంది, పైకి లాగితే ఒంపు తిరిగిన రేకులా ముద్ద లేస్తుంది. అప్పుడు నోట్లో పెట్టుకుంటే ముందు మామిడి, ఆ వెనకే పెరుగు పులుపు.